హరమైన్ యాత్రకు ముందు సౌదీ అరేబియాను తెలుసుకుందాం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి ఉమ్రాకు బయలుదేరే సోదర సోదరీమణులు ప్రయాణానికి ముందు మా వద్దకు వచ్చి తవాఫ్, సయీ పద్ధతులను, దుఆలను శ్రద్ధగా నేర్చుకుంటారు. ఇది ఎంతో సంతోషకరం. అయితే తాము అడుగుపెట్టబోయే దేశం ఎలాంటిది, అక్కడి చట్టం ఏమిటి అని అడిగేవారు అరుదు. మక్కా, మదీనాలు మన హృదయాలకు సన్నిహితమైనవే. కాని అవి ఉన్నది ఒక దేశంలో. ఆ దేశానికి సరిహద్దులు, శాసనాలు, శిక్షలు ఉన్నాయి. ఆ సంగతి తెలియకపోవడం వల్ల ఏళ్ళ తరబడి చీటీలు కట్టి కూడబెట్టిన సొమ్మే గాక, ఒక్కొక్కసారి ప్రాణాలే ప్రమాదంలో పడుతున్నాయి. కనుక అవసరమైనంత మేరకు ఆ దేశాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

దేశ స్వరూపం

సౌదీ అరేబియా రాజ్యం 1932లో ఏర్పడింది. రాజధాని రియాద్. విస్తీర్ణం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం 3.22 కోట్లే. వారిలో పది మందికి నలుగురు విదేశీయులు. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. అధికార భాష అరబీ. అయితే హరమ్ పరిసరాల దుకాణాల్లో ఉర్దూ అర్థం చేసుకునేవారు చాలామంది ఉంటారు కనుక మన దక్కనీతో పని జరిగిపోతుంది. నాణెం రియాల్, ఒక రియాల్‌కు నూరు హలలాలు. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. వారి గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది.

పూర్వం మన పెద్దలు ముంబాయి చేరి, అక్కడి నుండి ఓడలో రోజుల తరబడి ప్రయాణించి జిద్దా చేరేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ముగిశాయి. నేడు మనకు సమీపంలోనే, దేవనహళ్ళి వద్ద బెంగళూరు విమానాశ్రయం ఉన్నది. జిద్దా నుండి మక్కా సుమారు 80 కిలోమీటర్లు. మక్కా నుండి మదీనా సుమారు 450 కిలోమీటర్లు, ఇంచుమించు హిందూపురం నుండి హైదరాబాదుకు ఉన్నంత దూరం. బస్సులో ఐదారు గంటలు పడుతుంది. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు రెండున్నర గంటల లోపే చేరుస్తుంది.

ఇక్కడ మనం పడమరకు కాస్త ఉత్తరంగా తిరిగి నమాజు చేస్తాము. జిద్దాలో ఖిబ్లా తూర్పు వైపు, మదీనాలో దక్షిణం వైపు ఉంటుంది. హోటలు గదిలో అలవాటుగా పడమరకు నిలబడక, ఖిబ్లా గుర్తు చూసుకోవాలి.

ఇహ్రామ్ విషయం

బెంగళూరు నుండి నేరుగా జిద్దాకు వెళ్ళి ఉమ్రా చేయదలచినవారు మీఖాత్ దాటకముందే ఇహ్రామ్ సంకల్పం చేయాలి. విమానం దిగకముందే ఆ హద్దు దాటిపోతుంది. అందువల్ల పురుషులు ఇహ్రామ్ వస్త్రాలను పెద్ద సామానులో వేయక చేతిసంచిలో ఉంచుకోవాలి. విమానాశ్రయంలోనే ధరించడం మరీ మేలు. ముందుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు. మదీనా నుండి మక్కాకు బయలుదేరేటప్పుడు దారిలో వచ్చే జుల్ హులైఫా వారి మీఖాత్.

వీసా: అన్నింటికన్నా ముఖ్యమైన మాట

కుమారుడు జిద్దాలోనో రియాద్‌లోనో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రులను విజిట్ వీసాపై పిలిపించుకుంటాడు. ఆ వీసాపై వెళ్ళినవారు హజ్ కాలం కాని రోజుల్లో ఉమ్రా చేయవచ్చు. హజ్ మాత్రం చేయరాదు. ఉమ్రా వీసాకూ, పర్యాటక వీసాకూ ఇదే నియమం. హజ్‌కు ప్రత్యేక వీసా, అధికారిక అనుమతి తప్పనిసరి. ఉమ్రా వీసాపై ఉన్నవారు హజ్‌కు ముందు ఏ తేదీలోగా దేశం విడిచి వెళ్ళాలో ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది.

“ఎలాగూ అక్కడే ఉన్నారు, హజ్ కూడా చేసుకుని రండి” అని సలహా ఇచ్చేవారు మన మధ్య ఉన్నారు. వారు 2024 హజ్‌ను గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడాది మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. 1,301 మంది మరణించారు. వారిలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవారేనని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి మినాలో గుడారం ఉండదు, బస్సు ఉండదు. ఎండలో ఎంత దూరమైనా నడవవలసిందే. రాయలసీమ ఎండలకు అలవాటుపడ్డ శరీరమైనా వృద్ధాప్యంలో దానిని తట్టుకోలేదు. స్తోమత గలవారిపైనే అల్లాహ్ హజ్‌ను విధిగావించాడు. మార్గం లేని వృద్ధ తల్లిని దొంగచాటుగా ఆ ఎండలోకి పంపడం సేవ కాజాలదు.

ఉమ్రా ప్రయాణం ఏజెంట్ల ద్వారా జరుగుతుంది కనుక, డబ్బు చెల్లించే ముందే వీసా రకం, తిరుగు ప్రయాణపు టికెట్టు, హరమ్ నుండి హోటలుకు గల దూరం కాగితంపై రాయించుకోవాలి. “దగ్గరే” అన్న నోటిమాట మోకాళ్ళ నొప్పులున్నవారికి అక్కడ అక్కరకు రాదు.

సామానులో ఉండరానివి

మన ఇళ్ళల్లో ఖుర్మాకు, మసాలాపొడికి గసగసాలు వాడుతాము. సౌదీ చట్టం దృష్టిలో గసగసాలు మత్తుపదార్థమే. కొద్దిగా ఉన్నా నేరమే. ఇంట్లో కొట్టిన మసాలాపొడిలో అవి కలిశాయేమో చూసుకోవాలి. అనుమానం ఉంటే తీసుకుపోకపోవడమే క్షేమం. గుట్కా, పాన్ వంటివి కూడా వద్దు. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, కొన్ని దగ్గు మందులు అక్కడ ఆంక్షలకు లోబడి ఉన్నాయి. రోజూ వాడే మందులను వైద్యుడు ఆంగ్లంలో రాసిన చీటీతో, అసలు పెట్టెలలోనే తీసుకెళ్ళాలి. మెదడువాపుకు సంబంధించిన మెనింజైటిస్ టీకా వేయించుకుని దాని పత్రం దగ్గర ఉంచుకోవాలి.

ఇరుగుపొరుగువారు “మా అబ్బాయికి ఈ పొట్లం అందించండి” అని మొహమాటపెడతారు. విప్పి చూడనిదే తీసుకోవద్దు. ఆ దేశంలో మత్తుపదార్థాల రవాణాకు మరణశిక్ష సైతం ఉన్నది. సంచి ఎవరి చేతిలో ఉంటే జవాబుదారీ వారిదే.

అక్కడ మసలుకునే తీరు

మస్జిదె నబవీలోని రౌజాలో నమాజుకు నుసుక్ అనే ఫోన్ యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. ఇది ఉచితం, దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వనవసరం లేదు. ఇంట్లో ఫోన్ తెలిసిన పిల్లల చేత ప్రయాణానికి ముందే నేర్చుకోవడం మంచిది. మహ్రమ్ తోడు లేకపోయినా స్త్రీలు ఉమ్రాకు రావచ్చునని సౌదీ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. అది ప్రభుత్వ నియమం. షరీఅత్ రీత్యా తమ విషయమేమిటో సోదరీమణులు తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

పాస్‌పోర్టు, వీసా నకళ్ళు విడిగా ఒక సంచిలో పెట్టుకోవాలి. హోటలు పేరున్న కార్డును ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా చదువురాని పెద్దలు, మెడలోనో జేబులోనో ఉంచుకోవాలి. ఆపద వస్తే మక్కా, మదీనాలలో 911కు ఫోన్ చేయవచ్చు. జిద్దాలో భారత కాన్సులేట్ ఉన్నది.

ప్రయాణంలో ఉన్నవారి దుఆ స్వీకృతమవుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. చట్టపరమైన చింత లేని మనసుకు ఆ దుఆపై నిలకడ కుదురుతుంది. ఈ సంవత్సరం మన మూడు పట్టణాల నుండి బయలుదేరుతున్న ప్రతి ఒక్కరి ఉమ్రాను అల్లాహ్ స్వీకరించి, వారిని క్షేమంగా తమ ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.