వార్తల్లో పదం: ఎఫ్-ఎంఆర్ఐ

మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపితే, ఎఫ్-ఎంఆర్ఐ దాని పనితీరును చూపుతుంది. అదీ సూటిగా కాదు, రక్తం ద్వారా. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం అవసరానికి మించి చేరుతుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది. అలాంటి హిమోగ్లోబిన్ తగ్గగానే సంకేతం బలపడుతుంది. 1990లో సెయ్‌జీ ఒగావా బృందం పట్టుకున్న కిటుకు ఇదే.

నాడీకణం మిల్లీసెకన్లలో స్పందిస్తుంటే రక్తం తీరిగ్గా ఐదారు సెకన్లకు పుంజుకుంటుంది, ఇదేం సాక్ష్యమని పెదవి విరిచేవారున్నారు. గణాంకాలను సరిదిద్దకపోతే చచ్చిన సాల్మన్ చేప మెదడులోనూ ‘స్పందన’ కనిపిస్తుందని 2009లో అమెరికా పరిశోధకులు చూపారు. వెక్కిరింతే, కానీ అది తప్పుపట్టింది యంత్రాన్ని కాదు, లెక్కను. ప్రశ్న సరిగ్గా వేస్తే జవాబు గట్టిగానే వస్తుంది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పృహ లేదనుకున్న 23 ఏళ్ల యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల్లో మాదిరే ఆమె మెదడులోనూ కదలికల భాగం చురుకైంది. కణితి తీసేముందు మాటకు, చేతి కదలికకు సంబంధించిన చోట్లను గుర్తించడానికీ సర్జన్లు దీన్ని వాడుతున్నారు. డిప్రెషన్‌ను ఒక్క స్కాన్‌తో తేల్చేస్తామంటే మాత్రం నమ్మలేం. వందల మంది సగటులో కనిపించే తేడా, ఎదురుగా కూర్చున్న ఒక్క రోగిలో కనిపించకపోవచ్చు.