తప్పు కడితే తీరదు, తప్పు దిద్దుకోవాలె

మన పల్లెల్లో పంచాయితీ వేసే జరిమానాను కూడా "తప్పు" అనే అంటారు. "వానికి అయిదువేల తప్పు ఏసిండ్రు", "తప్పు కట్టిండు, ఒడిసిపోయింది" అనే మాటలు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అందరూ వినేవే. చేసిందీ తప్పే, కట్టిందీ తప్పే. కట్టగానే చేసింది మాసిపోయినట్టు లెక్క. మరి దెబ్బతిన్న మనిషి సంగతేమిటి? కట్టిన పైసలు ఎవరి సంచిలో పడ్డాయి? రేపు మళ్లీ అట్లాగే జరగదని పూచీ ఎవరు? ఈ మూడు ప్రశ్నలు అడగని పంచాయితీ దండుగ వసూలు చేస్తుందే తప్ప న్యాయం చేయదు.

గడీ ముందు జరిగిన పంచాయితీలను మన పెద్దలు మరచిపోలేదు. ఇద్దరు అన్నదమ్ములు గెట్టు కాడ కొట్లాడుకుంటే దొర ఇద్దరి దగ్గరా ధరావతు కట్టించుకునేవాడు. తీర్పు ఎటు పోయినా ఆ డబ్బు గడీ దాటి బయటికి వచ్చేది కాదు. పేదవాని మేక దొర చేలో పడితే దండుగ. దొర గొడ్లు పేదవాని చేను మేస్తే అడిగే నోరు లేదు. ఆడవాళ్ల మీద గడీ చేసిన అఘాయిత్యాలకు అసలు పంచాయితీయే లేదు. నేరం మోపేదీ, తీర్పు చెప్పేదీ, దండుగ మింగేదీ ఒకే చెయ్యి.

1977-78లో అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు ఈ పద్ధతిని తలకిందులు చేశాయి. ఊరందరి ముందు దొరను లెక్క అడిగాయి. వసూలు చేసిన దండుగలు వాపసు ఇమ్మన్నాయి. వెట్టి బంద్ అన్నాయి, కూలి పెంచమన్నాయి, ఆక్రమించిన బంచరు భూమి వదలమన్నాయి. వినని దొర మీద సాంఘిక బహిష్కరణ పెట్టాయి. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాండ్లు కొట్టం వైపు పోలేదు. 1978 సెప్టెంబరులో వేలాదిమంది జగిత్యాల పట్టణానికి నడిచి వచ్చారు. దానినే జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాము. ప్రభుత్వం ఏం చేసింది? ఆ అక్టోబరులోనే ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. జవాబు చెప్పవలసిన వాళ్లను వదిలి, ప్రశ్న వేసిన వాళ్లను జైళ్లకు పంపింది.

ఆ పోరాటంలో ఒక సంగతి గమనించాలి. దొరను ఎంత గట్టిగా శిక్షించారన్నది అందులో ముఖ్యం కాదు. పోయింది పోగొట్టుకున్నవాని చేతికి వచ్చింది. చేసినవాడు నలుగురిలో నిలబడి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తప్పుకు మూలమైన వెట్టి కదిలింది. ఈ మూడూ కలిస్తేనే న్యాయం.

అయితే ప్రజల పేరు మీద జరిగినదంతా న్యాయమే అనుకుంటే పొరపాటు. తర్వాతి ఏళ్లలో ప్రజాకోర్టుల పేరున దెబ్బలు పడ్డాయి, ఇన్‌ఫార్మరన్న నింద మీద ప్రాణాలు పోయాయి. నింద పడ్డవాడు తన మాట చెప్పుకునే సందు ఎంత? పోయిన ప్రాణాన్ని ఏ పంచాయితీ వాపసు ఇస్తుంది? ఎన్‌కౌంటర్ల మీద సర్కారును నిలదీసిన బాలగోపాల్ ఈ ప్రశ్నను ఉద్యమాల ముందు కూడా పెట్టాడు. 1997లో ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా ఏర్పడిన పౌరస్పందన వేదిక సర్కారునూ, నక్సలైట్లనూ ఇద్దరినీ జవాబు అడిగింది. దొరను అడిగిన ప్రశ్న మనల్ని మనం అడుగకుంటే ఆ ప్రశ్నకే విలువ ఉండదు.

ఇప్పుడు చూడండి. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఊళ్లను ఏలుతున్నాయి. చట్టం ఇచ్చిన అధికారం లేదు, గ్రామపంచాయతీ ఎన్నికతో సంబంధం లేదు. అయినా బెల్టుషాపులు వేలం వేస్తాయి, జరిమానాలు వేస్తాయి. మాట వినని గీత కార్మికులనూ, దళితులనూ వెలి వేస్తాయి. కిరాణంలో సరుకు ఇయ్యొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడినవానికి కూడా తప్పు! నాడు కూలీలు దొర మీద ఎత్తిన ఆయుధాన్నే నేడు పెత్తందార్లు కూలీల మీద ఎత్తుతున్నారు. నాటి బహిష్కరణ దొర దర్జాను మాత్రమే ఆపింది. నేటి వెలి పేదవాని పొయ్యినే ఆర్పుతున్నది.

దళితులు, గిరిజనుల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణ దీన్ని స్పష్టంగా రాసింది. మహారాష్ట్ర 2016లో ఏ కులంవారికైనా వర్తించేటట్టు వెలి నిషేధ చట్టం చేసింది. అటువంటి చట్టం కోసం మనమూ కొట్లాడాలి. కానీ చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేము.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో పెద్దలు కూర్చుని తగువులు తీర్చే ఆచారం ఉంది. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత, ఆ దశాబ్దంలోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులు గిరిజనుల దగ్గరికి వచ్చి గోడు వినవలసిన చోటు అది. ఇక గూడెంలో తప్పు కట్టినవాణ్ణి మళ్లీ కులంలో కలుపుకునేటప్పుడు అందరూ కలిసి తింటారు. శిక్ష వేయడంతో ఊరుకోకుండా మనిషిని తిరిగి కలుపుకునే దారి ఉండాలన్నది ఇందులోని మంచి. ఆడవాళ్ల మాట ఎంత చెల్లుతుందో అక్కడా అడగవలసిందే.

మరి సంఘం పంచాయితీ ఎట్లా కూర్చోవాలి? మన కూలీ ఒకడు తాగి భార్యను కొట్టాడనుకుందాం. "మనోడే గదా, మందలిద్దాం" అంటే ఆమెకు అన్యాయం. నలుగురు పట్టి వాణ్ణి కొడితే రాత్రికి ఆ కోపమంతా ఆమె మీదనే పడుతుంది. ముందుగా ఆమెను వాడు లేని చోట, ఆడవాళ్ల మధ్య అడగాలి: "ఏం కావాలె అక్కా?" ఆమె చెప్పిందే మొదటి మాట. ఆమెకు తల దాచుకునే చోటు చూడాలి. వాడు ఏం చేశాడో వాని నోటితోనే చెప్పించాలి. జరిమానా అంటూ వేస్తే అది ఆమె చేతికి పోవాలి, కమిటీ సంచిలోకి కాదు. కూలి పైసలు కల్లు దుకాణానికి పోకుండా ఇల్లు చేరాలి. నెల నెలా ఆడవాళ్లే పోయి అరుసుకోవాలి. ఆమె కేసు పెడతానంటే 2005 గృహహింస చట్టం ఉంది. సంఘం ఆమె వెంట నడవాలి. రాజీపడమని ఒత్తిడి చేయరాదు.

హత్య, అత్యాచారం, కులదాడి ఊరి పంచాయితీలో తెగేవి కావు. వాటిని పైసలతో మాపుదామని వచ్చే పెద్దమనిషిని గడప అవతలే ఆపాలి. ఠాణాకు బాధితులను ఒంటరిగా పంపరాదు. కేసు నమోదయ్యేదాకా, సాక్షులు బెదరకుండా నిలబడేదాకా సంఘం బాధ్యత తీరదు.

తప్పు చేసినవాడు సంఘం నాయకుడే అయితే? పంచాయితీలో అతనికి కుర్చీ ఉండరాదు. అతని మీద మాట చెప్పిన కూలీకి మరునాడు పని పోరాదు.

ఊళ్లో ఈసారి పంచాయితీ కూర్చున్నప్పుడు "ఎంత తప్పు ఏద్దాం?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టనీయకండి. దెబ్బతిన్నది ఎవరు, వాళ్లకు ఏం దక్కాలి, మళ్లీ జరగకుండా ఏం మారాలి అని అడగండి. ఆ మాట ముందుగా ఒక్కరు అన్నా, వెనుక పదిమంది కూలీలు నిలబడాలి.