పాకెట్టుల వడపోత - నియమముల వరుస

గుంతకల్లునుండి బెంగళూరునకు పోవు రైలుమార్గమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరుసగా తగులును. ఒక పట్టుచీరల వర్తకునికి ధర్మవరమున గిడ్డంగి, హిందూపురమున దుకాణము, నడుమ పెనుకొండలో లెక్కల కంప్యూటరు ఉన్నవనుకొందము. రెండు ఊళ్ల తీగలును పెనుకొండలోని ఒక రౌటరునకు చేరును. హిందూపురపు గుమాస్తా చీర అమ్మి బిల్లు వ్రాయగానే ఆ సమాచారము పాకెట్టులుగా తెగి ఆ రౌటరు కడకు వచ్చును. దేనిని పోనీయవలెను, దేనిని ఆపవలెను?

రైల్వే తపాలాలో జాబులు వేరుచేయు ఉద్యోగి కవరు చింపడు. పైనున్న చిరునామా మాత్రము చూచును. రౌటరు పనియు ఇట్టిదే. ప్రతి పాకెట్టునకు ముందొక శీర్షిక ఉండును. ఐ.పి. నాలుగవ కూర్పులో ఇది కనీసము 20 బైట్లు. పంపినవాని చిరునామా, అందుకొనువాని చిరునామా ఇందులో ఒక్కొక్కటి 32 బిట్లు. ఏ పద్ధతిని పంపినదియు ఒక సంఖ్య తెలుపును: టి.సి.పి. అయినచో 6, యు.డి.పి. అయినచో 17. తరువాతి శీర్షికలో పోర్టు సంఖ్యలుండును. చిరునామా ఇంటి నంబరైనచో పోర్టు గది నంబరు వంటిది. రహస్యలిపిలో వెబ్ పుటలు పంపు సేవకు 443, దూరమునుండి యంత్రమును నడుపు ఎస్.ఎస్.హెచ్. సేవకు 22 వాడుక.

ధర్మవరపు చిరునామాలు 10.1 తోను, పెనుకొండవి 10.2 తోను, హిందూపురమువి 10.3 తోను మొదలగుననుకొందము. 10 తో మొదలగునవి సొంత వాడుకకై విడిచిపెట్టినవి. బయటి ఇంటర్నెట్టులో వీనికి దారి ఉండదు. లెక్కల కంప్యూటరు 10.2.0.5. హిందూపురమున 10.3.0.7 అను యంత్రములో చెడు ప్రోగ్రాము ఒకటి చొచ్చినది. వర్తకుడు మూడు నియమములు వ్రాయించెను. 10.3 తో మొదలగు ఏ చిరునామానుండియైనను 10.2.0.5 యొక్క 443వ పోర్టునకు పోవు టి.సి.పి. పాకెట్టును పోనిమ్ము. 10.3.0.7 నుండి వచ్చు దేనినైనను ఆపుము. మిగిలినవన్నియు ఆపుము.

చూచుటకు బాగుగనే యున్నది. కాని చెడిన యంత్రపు పాకెట్టులు లెక్కల కంప్యూటరునకు నిరాటంకముగా పోవుచునే యుండును! సిస్కో రౌటర్లలోను, లినక్స్‌లోని ఐపీటేబుల్స్‌లోను నియమములు పైనుండి క్రిందికి చూడబడును. పాకెట్టునకు సరిపడిన మొదటి నియమము దగ్గరనే తీర్పు ముగియును. 10.3.0.7 కూడ 10.3 కుటుంబములోనిదే కదా! రెండవ నియమము వరకు విచారణ పోనేపోదు. మొదటి రెంటిని తారుమారు చేసిన చాలును: అపవాదము ముందు, సామాన్యము వెనుక. అయినను ఆ యంత్రము తన చిరునామాను మార్చుకొన్నచో ఈ నియమము దానిని గుర్తింపజాలదు.

ఈ క్రమము అన్నిచోట్ల ఒకటే యనుకొనరాదు. 2001 లో ఓపెన్ బి.ఎస్.డి.లో చేరిన పి.ఎఫ్. అను వడపోత జాబితాను చివరివరకు చదివి, సరిపడిన వానిలో కడపటిదానిని పాటించును; ‘క్విక్’ అను మాట గల నియమము సరిపడినచో మాత్రము అక్కడనే ఆగును. పాణిని వ్యాకరణమున సమబలములైన రెండు సూత్రములకు పోటీ వచ్చినపుడు తరువాతిదే నెగ్గునని ఎరిగిన భాషోపాధ్యాయులకు ఇది వింతగా తోచకపోవచ్చును.

మరి జవాబుల మాటేమి? హిందూపురపు తీగపై రెండు దిశలకును ఈ జాబితాయే వర్తించినచో, లెక్కల కంప్యూటరు పంపు జవాబు మూడవ నియమమునకు చిక్కి ఆగిపోవును. గుమాస్తా తెరవైపు చూచుచు కూర్చుండును. టి.సి.పి.లో సంబంధమును కోరు తొలి పాకెట్టున ‘ఏక్’ అను బిట్టు వెలుగదు, పిమ్మటివానిలో వెలుగును. కావున 443వ పోర్టునుండి బయలుదేరి ఆ బిట్టు గలవానిని పోనీయుట పాత ఉపాయము. అయితే ఆ బిట్టును ఎవడైనను దొంగగా పెట్టవచ్చును. రెండు చిరునామాలను, రెండు పోర్టులను పట్టికలో వ్రాసికొని, అడిగిన వానికే జవాబు పోనిచ్చు రౌటర్లు ఇంతకంటె మేలు.

ఇక అసలు చిక్కు. హిందూపురమున కూర్చుండి 22వ పోర్టు ద్వారా పెనుకొండ రౌటరును దిద్దుచున్న ఉద్యోగి, ఆ పోర్టునకు అనుమతి వ్రాయకుండనే “మిగిలినవన్నియు ఆపుము” అనెనా, తన మాటయే తనకు అడ్డు తగులును. సవరించుటకు కూడ దారి లేదు. కన్సోలు తీగ చేతబట్టుకొని పెనుకొండకు రైలెక్కవలసినదే. అందుచే అనుభవజ్ఞులు కొత్త నియమములను పెట్టుటకు ముందు, పది నిమిషములలో తిరిగి మొదలుకమ్మని రౌటరునకు ఆజ్ఞ యిత్తురు. సంబంధము తెగినచో గడువు తీరగానే రౌటరు పాత నియమములతో లేచును. తెగనిచో ఆ ఆజ్ఞను రద్దుచేసి, కొత్తవానిని అప్పుడే శాశ్వత స్మృతిలో భద్రపరతురు.