కొలను మనది... కాపలా ఎవరిది?

ఇంట్లో ఈతకొలను ఉంటే దాని బాగోగులు మనమే చూసుకోవాలా? నెలకింతని మాట్లాడుకుని మనిషికి అప్పజెప్పాలా? విల్లా కొనుక్కున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకరోజు ఈ చర్చ వస్తుంది. రెండు దారుల్లోనూ లాభముంది, ఇబ్బందీ ఉంది. కానీ ఎవరికి అప్పజెప్పినా సరే, మన చేతిలోంచి జారనివ్వకూడని పనులు కొన్ని ఉన్నాయి. అవేంటో చూద్దామా...

వేసవి సెలవులు. ఆదివారం పొద్దున్నే చుట్టాల పిల్లలంతా దిగిపోయారు. ఇంకా టిఫిన్లు కూడా కాలేదు, అందరూ ఈతకు సిద్ధం. తీరా చూస్తే కొలనులో నీళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. మెట్టు మీద కాలు పెడితే జర్రున జారుతోంది. వారానికి మూడుసార్లు వచ్చి శుభ్రం చేసే అబ్బాయికి ఫోన్‌ చేస్తే ‘మా ఊళ్లో పెళ్లి సార్‌, బుధవారం వస్తా. ఆ తెల్లడబ్బాలో మందు కాస్త ఎక్కువే వేసేయండి’ అన్నాడు. మోటారు గదిలో చూస్తే తెల్లడబ్బాలు మూడున్నాయి! ఏది మందో, ఎంత వేయాలో ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియదు. ఘాటువాసన వస్తున్న డబ్బా ఏదో చూసి కిలోదాకా కుమ్మరించేశారు. గంట తర్వాత పిల్లలు నీళ్లలోకి దూకారు. సాయంత్రానికి అందరి కళ్లూ ఎర్రగా మందారాలే. నీళ్లేమో పాలు కలిపినట్టు తెల్లగా!

ఇది ఊహించి చెప్పిన సంగతే. కానీ ఈతకొలను ఉన్న ఇళ్లవాళ్లకు ఇందులో ఏదో ఒక ముక్క అనుభవంలోకి వచ్చే ఉంటుంది. తప్పు ఆ అబ్బాయిది కాదు, మందుదీ కాదు. కొలనులో ఏం జరుగుతోందో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియకపోవడమే అసలు చిక్కు.

ఆ రెండు అంకెలూ తెలిస్తే...

ఎంత నీలంగా మెరిసినా ఈతకొలనులో ఉండేది నిలవనీరే. చెమట, ఒంటికి రాసుకున్న నూనెలు, దుమ్ము, ఆకులు, చిన్నపిల్లలు చెప్పకుండా చేసే పనులూ... అన్నీ అందులోనే కలుస్తాయి. కంటికి కనిపించే మురికిని ఇసుక ఫిల్టరు పడుతుంది. కనిపించని క్రిముల్ని క్లోరిన్‌ చంపుతుంది. ఈ రెండూ సరిగ్గా పనిచేస్తే అవే నీళ్లను నెలల తరబడి వాడుకోవచ్చు.

ఇక, ప్రతి ఇంట్లో తెలియాల్సిన అంకెలు రెండే. మొదటిది క్లోరిన్‌. లీటరు నీటిలో 1 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే 1-3 పీపీఎం ఉండాలి. రెండోది పీహెచ్‌. నీటి ఆమ్లగుణాన్నీ క్షారగుణాన్నీ చెప్పే ఈ అంకె 7.2కీ 7.8కీ మధ్య ఉండాలి. మన కన్నీటి పీహెచ్‌ దాదాపు 7.4. అందుకే ఆ దరిదాపుల్లో ఉన్న నీళ్లలో కళ్లు మండవు.

ఈ రెండింటికీ లింకు ఉంది. పీహెచ్‌ 7.5 దగ్గర ఉంటే నీటిలోని క్లోరిన్‌లో దాదాపు సగం క్రిముల మీద చురుగ్గా పనిచేస్తుంది. అదే 8కి చేరితే పావు వంతుకు పడిపోతుంది. అంటే పీహెచ్‌ చూడకుండా మందు పోస్తూపోవడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. 

చుక్కలమందుతో రంగు చూసే కిట్‌ ఉంటే ఈ రెండు పరీక్షలకూ అయిదు నిమిషాలు చాలు. నీళ్లను పైపైన కాకుండా మోచేయి లోతు నుంచి తీయాలి. లక్షలు పోసి కొలను కట్టించుకుని ఈ కిట్‌ కొనకపోవడమంటే ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే!

మనమే చూసుకుంటే...

ముందు కొలనులో ఎన్ని నీళ్లు పడతాయో లెక్కేసుకోవాలి. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరుంపావు లోతు ఉందనుకుందాం. మూడింటినీ హెచ్చవేస్తే 40 ఘనపు మీటర్లు, అంటే 40 వేల లీటర్లు. ఇన్ని నీళ్లలో క్లోరిన్‌ను ఒక పీపీఎం పెంచాలంటే కావాల్సింది 40 గ్రాముల క్లోరిన్‌. కొలనుల కోసం అమ్మే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్‌ గుళికలైతే 60 గ్రాములు వేస్తే సరిపోతుంది. ఇందాకటి ఇంట్లో కుమ్మరించిన కిలో మందుతో ఎంత పెరిగి ఉంటుందో తెలుసా? ఏకంగా 16 పీపీఎం! పిల్లల కళ్లు ఎర్రబడ్డాయంటే ఎర్రబడవూ మరి.

రోజూ చేయాల్సిన పని పావుగంటకు మించదు. వలతో ఆకులు తీయడం, స్కిమ్మర్‌ బుట్ట దులపడం, రెండు అంకెలూ చూసి నోటుపుస్తకంలో రాయడం, అవసరమైతే మందు వేయడం. ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి సాయంత్రం వేసి, మోటారు తిప్పడం మంచిది. వారానికోసారి గోడలూ మెట్లూ బ్రష్‌తో రుద్ది, అడుగున చేరిన మురికిని వాక్యూమ్‌తో లాగాలి. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు దాని మీటరు ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకుని, అంతకు 8-10 పాయింట్లు పెరిగినప్పుడు బ్యాక్‌వాష్‌ చేయాలి.

ఇలా చేసుకుంటే నెలనెలా జీతం మిగులుతుంది. అంతకన్నా పెద్ద లాభం, తేడా ఏదైనా వస్తే మొదటిరోజే తెలిసిపోతుంది. ఖర్చు మీదా పట్టు దొరుకుతుంది. ఒక హార్స్‌పవర్‌ మోటారు రోజూ ఎనిమిది గంటలు తిరిగితే దాదాపు ఆరు యూనిట్లు, నెలకు 180 యూనిట్లు. నీటిమట్టం రోజుకు అర సెంటీమీటరు తగ్గినా మన లెక్కలోని కొలనులో పోయేవి 160 లీటర్లు. నిర్లక్ష్యం చేసి మొత్తం ఖాళీచేయాల్సి వస్తే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది రావాలి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి ఈతకొలనులకు తాగునీరు వాడొద్దంటూ నిషేధం పెట్టి, అయిదు వేల రూపాయల జరిమానా ప్రకటించింది. ఉన్న నీళ్లను చెడకుండా కాపాడుకోవడమే అసలైన పొదుపు.

మరి ఇబ్బంది? క్రమం తప్పకూడదు. పిల్లల పరీక్షలున్నాయనో, తిరుపతి వెళ్లామనో నాలుగు రోజులు వదిలేస్తే ఎండాకాలంలో పాచి పట్టేస్తుంది. వానాకాలంలో మోటారు ఆపి వారం పదిరోజులు పట్టించుకోకపోతే అదే దోమల పుట్టిల్లు అవుతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా ఎదగడానికి ఆ కాస్త వ్యవధి చాలు.

మనిషికి అప్పజెప్తే...

నడుమునొప్పి ఉన్నవాళ్లు, ఉద్యోగాల మీద తిరిగేవాళ్లు, పెద్దవాళ్లిద్దరే ఉండే ఇళ్లవాళ్లు మనిషిని పెట్టుకోవడమే మేలు. యాసిడ్‌తో టైల్స్‌ మీది తెల్లమరకలు తీయడం, ఫిల్టరులో ఇసుక మార్చడం, మోటారు, నీళ్లలోని దీపాల వైరింగ్‌... ఇవి తెలిసినవాళ్లే చేయాల్సిన పనులు. కరెంటు పనికైతే కొలను శుభ్రం చేసే అబ్బాయిని కాదు, ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి.

అయితే, ఒక మనిషి రోజుకు అయిదారు ఇళ్లు చూస్తుంటే ఒక్కోచోట ఎంతసేపు ఉంటాడు? పైపైన ఆకులు తీసి, గుప్పెడు మందు చల్లి వెళ్లిపోతే నీళ్లు చూడటానికి బాగానే ఉంటాయి. పటిక వేస్తే మురికి అడుగుకు దిగుతుంది. మైలుతుత్తం వేస్తే పాచి ఆగి నీలిరంగు వస్తుంది. కానీ తేటగా ఉండటం వేరు, క్రిములు లేకపోవడం వేరు. పటిక, మైలుతుత్తం రెండూ క్లోరిన్‌కు బదులు కావు.

నీళ్లలో తేలుతూ కరిగే పెద్ద బిళ్లలతోనూ ఓ తిరకాసుంది. వాటిలో క్లోరిన్‌తోపాటు సైనూరిక్‌ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లోరిన్‌ ఆవిరైపోకుండా అది గొడుగు పడుతుంది. 30 నుంచి 50 పీపీఎం దాకా మేలే. కానీ క్లోరిన్‌ ఖర్చయిపోతుంది, ఈ ఆమ్లం మాత్రం నీళ్లలోనే పోగవుతుంది. నెలల తరబడి బిళ్లలే వేస్తూపోతే క్లోరిన్‌ ఉన్నా మందకొడిగా పనిచేస్తుంది. అప్పుడు కొంత నీరు తీసేసి కొత్తనీరు నింపడం తప్ప మరో దారి లేదు.

అందుకే మనిషిని పెట్టుకునేటప్పుడు జీతం ఒక్కటే మాట్లాడుకుంటే చాలదు. వచ్చిన ప్రతిసారీ రెండు అంకెలూ రాస్తాడా? ఏ మందు ఎంత వేశాడో చెబుతాడా? బ్యాక్‌వాష్‌ ఎప్పుడెప్పుడు చేస్తాడు? తను రానిరోజున ఎవరు వస్తారు? ఈ నాలుగింటికీ జవాబు ముందే తీసుకోవాలి. అతనికి చేతితొడుగులు, కళ్లద్దాలు కొనివ్వడం మాత్రం మన బాధ్యతే. రోజూ మందుల మధ్య తిరిగేది అతనే కదా!

మందులతో ఆటలొద్దు

ఎవరు చేసినా ఈ జాగ్రత్తలు తప్పవు. క్లోరిన్‌ మందు, యాసిడ్‌ ఒకదానికొకటి తగిలితే విషవాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్‌ మందుల్ని కలిపినా మంటలు లేవొచ్చు. కాబట్టి దేని కొలతగిన్నె దానికే ఉండాలి. బకెట్‌లో ముందు నీళ్లు పోసి తర్వాత మందు కలపాలి తప్ప, మందు మీద నీళ్లు పోయకూడదు. డబ్బాల మీద పేర్లు తెలుగులో పెద్దగా రాసి అంటించి, పిల్లలకు అందకుండా తాళం వేయాలి.

గుప్పుమనే వాసన వస్తే ‘అబ్బ, క్లోరిన్‌ బాగా వేశారు’ అనుకుంటాం. నిజానికి అది చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్‌ నుంచి వచ్చే వాసన. అంటే నీళ్లు మురికయ్యాయని అర్థం. దిగేముందు ఒంటిమీద నాలుగు చెంబులు పోసుకుంటే సగం సమస్య తీరుతుంది. విరేచనాలవుతున్న పిల్లల్ని అసలు దించకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిపడా క్లోరిన్‌ ఉన్న నీళ్లలోనూ వారానికి పైగా బతుకుతుంది.

ఇంత పట్టింపు అవసరమా అనిపించొచ్చు. 2024లో కేరళలో మెదడును తినే అమీబా సోకి పిల్లలు చనిపోయిన వార్తలు గుర్తుండే ఉంటాయి. అది ముక్కులోకి వెళ్లిన నీటిద్వారా మెదడుకు చేరుతుంది. సరిగ్గా క్లోరిన్‌ వేసిన నీళ్లలో దానికి చోటుండదు.

గేటు తాళం ఎవరి దగ్గరుంది?

నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఇంకో భయం ఉండనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా నదులు, చెరువులు, బావులు, కొలనులు అన్నీ కలిపి దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ కేకలు వేయరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. వంటింట్లో పాలు పొంగాయని వెళ్లొచ్చేలోపే అంతా అయిపోవచ్చు.

అందుకే కొలను చుట్టూ నాలుగువైపులా కనీసం నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. పిల్లలు దిగినప్పుడు ఫోన్‌ పక్కన పెట్టి చూస్తూ కూర్చునే పెద్దమనిషి ఒకరు ఉండాలి. అడుగున ఉన్న డ్రెయిన్‌ మూత పైనుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించనంత మసకగా నీళ్లుంటే ఎవరినీ దించకూడదు.

ఆ మూత విరిగినా, ఊడినా మోటారు ఆపేయాల్సిందే. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్‌ బేకర్‌ మనవరాలు, ఏడేళ్ల గ్రేమ్‌ బేకర్‌ 2002లో వేడినీళ్ల తొట్టిలో డ్రెయిన్‌ లాగేయడంతో పైకి రాలేక ప్రాణాలు కోల్పోయింది. తల్లి పోరాటంతో 2007లో అక్కడ ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో పిల్లల దగ్గరకు వెళ్లే తాతయ్యలూ అమ్మమ్మలూ పెరట్లో కొలను ఉంటే ముందు ఈ మూతనూ గేటునూ చూసుకోవాలి.

సగం మనం... సగం వాళ్లు

ఇంతకీ ఏది మేలు? బరువు పనులు, ప్రమాదమున్న పనులు మనిషికి ఇద్దాం. పరీక్ష, పుస్తకం, గేటు మాత్రం మన దగ్గరే ఉంచుకుందాం. జీతమిచ్చి పని చేయించుకోవచ్చు కానీ, బాధ్యతను జీతానికి అప్పజెప్పలేం.

ఇంట్లో కొలను లేనివాళ్లకూ ఇది పనికొచ్చే విషయమే. అపార్టుమెంటు కొలనులోనో, వేసవి ఈత శిక్షణకో పిల్లల్ని పంపేటప్పుడు ‘ఇవాళ క్లోరిన్‌ ఎంత, పీహెచ్‌ ఎంత?’ అని ఒక్కసారి అడగండి. పుస్తకం తీసి చూపిస్తే నిశ్చింతగా దించొచ్చు. ‘మందు వేశాం లెండి’ అంటే మాత్రం ఆలోచించాల్సిందే!

మొదట చెప్పుకున్న ఇంటి సంగతేంటంటారా? పాలలా మారిన ఆ నీళ్లు చచ్చిన పాచివల్లే. ఒకటి రెండు రోజులు ఆపకుండా ఫిల్టరు తిప్పి, బ్యాక్‌వాష్‌ చేసి, అడుగు మురికి లాగేసి, క్లోరిన్‌ మళ్లీ 3 దగ్గరకు దిగాక పరీక్షించుకుని దిగితే సరి. ఆ పరీక్షేదో పదేళ్లు దాటిన పిల్లలకే నేర్పి పక్కన నిలబడండి. గాజుగొట్టంలో నీళ్లు గులాబీ రంగుకు మారుతుంటే వాళ్ల కళ్లు ఎలా మెరుస్తాయో చూడండి. ఆ తర్వాత ‘ఇవాళ నేను చూస్తా’ అంటూ వాళ్లే పోటీలు పడతారు.

నీళ్లు బాగున్నాయో లేదో చూడటం: ఇదిగో గుర్తులు

ఆకుపచ్చ రంగు: పాచి మొదలైంది. క్లోరిన్‌ తగ్గింది.

తెల్లటి మసక: ఫిల్టరు సరిపోవట్లేదు, లేదా పీహెచ్‌ పెరిగింది.

టైల్స్‌ మీద తెల్లచారలు: బోరునీటిలో కాల్షియం ఎక్కువ.

ఘాటువాసన, కళ్లమంట: నీళ్లలో మురికి పెరిగింది. పరీక్షించేదాకా దిగొద్దు.

గోడలు జారుడుగా ఉండటం: రంగు మారకపోయినా పాచి పట్టినట్టే. వెంటనే బ్రష్‌ పట్టాలి.