డీప్ ఫ్రీజరు: దాని పోషణము, విడిభాగముల సేకరణము



అంగళ్లలో నుండు డీప్ ఫ్రీజరును గూర్చి నేడు కొంచెము మాటాడదలచితిని. విషయము చూచుటకు చిన్నది. కాని చేపలు, రొయ్యలు, మాంసము, ఐస్‌క్రీము అమ్మి బ్రదుకు చిన్న వర్తకునకు ఆ పెట్టెయే ధాన్యపుకొట్టు. వేసవిలో ఒక్క రాత్రి అది ఆగిపోయినచో, అప్పు తెచ్చి కొన్న సరకంతయు తెల్లవారునప్పటికి పారబోయవలసి వచ్చును. ఇట్టి నష్టములలో పెక్కులు ముందుచూపుచే తప్పించుకొనదగినవియే యని ఈ యంత్రములను బాగుచేయు పనిలో నేను గ్రహించితిని.

ఒకప్పుడు మన దేశమునకు చల్లదనము ఓడలమీద వచ్చెడిది. 1833లో అమెరికాలోని బోస్టను నుండి మంచుగడ్డలు కలకత్తాకు దిగినవి. అట్టి మంచును నిలువచేయుటకు చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్‌హౌసు నేటికిని నిలిచియున్నది. ఆ మంచు కరగిపోయినచో మరల ఓడ రావలసినదే. నేటి పెట్టె అట్టిది కాదు. అది చలిని దాచునది గాక, లోపలి వేడిని ఎడతెగక బయటికి తోలునది. ఈ యొక్క మాట మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

మట్టికూజాలోని నీరు ఏల చల్లబడును? కూజా గోడలగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు, అందులకు వలసిన వేడిని కూజానుండియే తీసికొనును. ఫ్రీజరులో జరుగునదియు నిదియే. లోపలి గొట్టములలో ఒక ద్రవము ఆవిరియగుచు సరకులోని వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ యావిరిని పీల్చి, నొక్కి, కండెన్సరు గొట్టములలోనికి పంపును. అచ్చట బయటి గాలికి వేడిని విడిచి ఆవిరి మరల ద్రవమగును. ఆ ద్రవము మిక్కిలి సన్నని రాగిగొట్టముగుండ లోపలికి పోయి తిరిగి ఆవిరియగును.

ఈ ద్రవమునే మనవారు గ్యాసు అందురు. ఇది దీపములోని నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచునే యుండును. గ్యాసు తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదన్నమాట. ఆ చోటు వెదకి మూయక గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఏటేట గ్యాసు నింపించుకొనుచున్న వర్తకుడు ఈ సంగతి తెలిసికొనిన చాలును, వాని డబ్బు చాలవరకు మిగులును.

ఇక పోషణము. మొదటిది కండెన్సరు. దానిపై దుమ్ము, జిడ్డు పేరుకొన్నచో వేడి బయటికి పోవు దారి మూసికొనును. కంప్రెసరు విరామము లేక నడచి కాలిపోవును. నెల కొకసారి ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో దానిని తుడువుడు. వంటపొగ తగులు చోట ఇంకను తరచుగా తుడువవలెను. కొన్ని పెట్టెలలో కండెన్సరు గొట్టములు ప్రక్కగోడల లోపలనే యుండును. ఆ గోడలు వెచ్చనగుట దోషము కాదు. వానికి ఆనించి బస్తాలు పేర్చుటయే దోషము. చుట్టును జానెడు చోటైనను విడువవలెను.

రెండవది మూతచుట్టు నుండు రబ్బరు, అనగా గాస్కెట్టు. ఒక కాగితమును మధ్యనుంచి మూత వేసి లాగి చూడుడు. బిగి లేక జారివచ్చినచో అచ్చట గాలి చొరబడుచున్నదని అర్థము. గాలితో తేమయు వచ్చి మంచుగా పేరుకొనును. గోరువెచ్చని సబ్బునీటితో రబ్బరును కడిగినచో కొన్నిసార్లు బిగియు తిరిగి వచ్చును. చిరిగినచో మార్చవలసినదే.

మూడవది ఆ మంచు. పావు అంగుళము మందము కాగానే సరకును వేరొక చల్లనిచోటికి మార్చి, యంత్రమునాపి కరగనీయుడు. కత్తితోగాని సుత్తితోగాని చెక్కరాదు. క్రింద నున్న గొట్టమునకు చిన్న చిల్లి పడినచో, ఒక్క దెబ్బతో యంత్రమంతయు పనికిరాకపోవచ్చును.

నాల్గవది విద్యుత్తు. వోల్టేజి హెచ్చుతగ్గులున్న ఊళ్లలో తగిన స్టెబిలైజరు తప్పక యుండవలెను. కరెంటు పోయి వచ్చిన వెంటనే యంత్రమును నడుపక, గొట్టములలోని ఒత్తిడి సమమగుటకు మూడు నాలుగు నిమిషములు ఆగవలెను. మంచి స్టెబిలైజరు ఈ పని తానే చేయును.

లోపల నొక థెర్మామీటరు ఉంచి, ఉదయసాయంత్రములు చూచి వ్రాసికొనుడు. సరకు సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటీగ్రేడులో నుండవలెను. కరెంటు లేనప్పుడు మూత తీయకుండుటయే మందు. నిండుగా నున్న మంచి పెట్టె సుమారు 48 గంటలును, సగము నిండినది 24 గంటలును చలిని నిలుపునని లెక్క. మన రోహిణికార్తెలో అంతకు తక్కువయని తలచుటయే క్షేమము. చలి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును. కావున ఒకసారి కరగి వెచ్చబడిన చేపను మరల గడ్డకట్టించి అమ్ముట కొనువాని ప్రాణముతో ఆడుకొనుట.

ఇక విడిభాగముల సంగతి. బజారునకు పోవుటకు ముందు పెట్టె వెనుకనో ప్రక్కనో అంటించియున్న నేమ్‌ప్లేటు చూడుడు. మోడలు సంఖ్య, వరుస సంఖ్య, వోల్టేజి, గ్యాసు పేరు, దాని తూకము అందుండును. అక్షరములు చెరగకమునుపే సెల్‌ఫోనుతో ఫోటో తీసి యుంచుకొనుడు. పాత భాగమును సైతము వెంట తీసికొని పొండు.

రబ్బరు కొనునపుడు పొడవు, వెడల్పులతోపాటు అంచు ఆకారమును గూడ సరిపోల్చవలెను. ఫ్యాను మోటారునకు వోల్టేజి, వాట్లు, తిరుగు దిక్కు, రెక్క కొలత చూడవలెను. కెపాసిటరు మైక్రోఫారడులు పాతదానితో సమానముగా నుండవలెను; వోల్టేజి దానికి తగ్గరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును గనుక తెలియనివారు దానిని ముట్టరాదు.

కంప్రెసరు టక్కుమని శబ్దముచేసి ఆగిపోవుచున్నంత మాత్రమున అది చెడినదని నిశ్చయింపరాదు. వోల్టేజి, రిలే, ఓవర్‌లోడు, కెపాసిటరు, కండెన్సరు, ఇవి పరీక్షించిన తరువాతనే కంప్రెసరు మాట. దానిని మార్చవలసివచ్చినచో గుర్రపుబలమొక్కటి సరిపోయిన చాలదు. అది అదే గ్యాసునకు, అతిశీతలమునకు ఉద్దేశించినదై యుండవలెను. మామూలు చల్లని నీళ్ల యంత్రపు కంప్రెసరు ఇందు నిలువదు. గొట్టములు విప్పినప్పుడెల్ల తేమను పీల్చు ఫిల్టరును క్రొత్తది వేయించి, లోపలి గాలిని పంపుతో తీయించి, గ్యాసును తూచి నింపించుడు.

గ్యాసును గూర్చి ఒక హెచ్చరిక. ఓజోను పొరను చెరచుటచేత, 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక ననుసరించి, ఆర్-12 వంటి గ్యాసులను మనవంటి దేశములు 2010 నాటికి మానివేయవలసి వచ్చినది. నేటి పెట్టెలు పెక్కింటిలో నుండు ఆర్-290 వంటయింటి గ్యాసువలె మండు ప్రొపేను. దీనితో నడచు యంత్రమునకు నిప్పురవ్వ రాని రిలేలే వేయవలెను. తరిఫీదు పొందిన మెకానికే గొట్టములను ముట్టవలెను. వేరొక గ్యాసునకై చేసిన పెట్టెలో చౌకయని దీనిని నింపుట అగ్నిని కొనితెచ్చుకొనుట.

తుదకు, ప్రతి యంత్రమును ఎల్లకాలము బాగుచేయించుచుండుటయు వివేకము కాదు. రబ్బరు, రిలే, థెర్మోస్టాటు, ఫ్యాను చెడినచో మార్చుకొనుడు. పాతబడిన పెట్టెలో, గోడలలోపలి గొట్టము కారుచు, కంప్రెసరును చెడినచో, ఆ ఖర్చును క్రొత్తదాని వెలతో పోల్చి చూచుకొనుడు. ఒక రబ్బరు, ఒక రిలే, ఒక కెపాసిటరు ముందుగానే కొని అంగడిలో నుంచుకొన్నవానికి పండుగరాత్రి బజారు మూసియున్నను భయము లేదు. అవి మూడును అలమరలో ఒక చిన్న మూలకు సరిపోవును.