మూర్ఛయు, మరపును

మూర్ఛవ్యాధికి మన పూర్వులు పెట్టిన పేరు అపస్మారము. స్మృతి యనగా జ్ఞాపకము. అది తొలగిపోవుటయే అపస్మారము. కాలుసేతులు కొట్టుకొనుటయు, నోట నురుగు వచ్చుటయు ఎల్లరకును కనబడునవే. పేరు పెట్టినవారు వానిని విడిచి, కంటికి కనబడని మరపును పట్టుకొనిరి. చరకసంహితయందును ఈ వ్యాధిని చెప్పునపుడు స్మృతి చెడుటను ముఖ్యముగా చెప్పియున్నారు. మనమో, నురుగును చూచి జాలిపడుదుము, మరపును చూచి కోపపడుదుము. నేనును అట్లు కోపపడినదాననే గనుక సోదరీమణులకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా చెల్లెలు కాపురమునకు వెళ్లిన మూడవ యేట వారి యింట ఆడుబిడ్డ గాజులు కనబడకుండ పోయెను. నాలుగు దినములు ఇల్లంతయు గాలించిరి. కడపట అవి బియ్యపు డబ్బాలో, అడుగున దొరకెను. వానిని పట్టుకొని వంటింటివైపు పోవుచుండగా చూచితినని పనిమనిషి చెప్పినది నా చెల్లెలినే. “నాకు తెలియదత్తయ్యా” యని అది యెంత మొత్తుకొన్నను వినువారు లేకపోయిరి. చేతులార దాచి తెలియదనుట యెట్లు? దొంగతన మొకటి, అబద్ధ మొకటి, రెండు నిందలు మోసికొని మా యింటికి వచ్చినది. ఆ రాత్రి నేను, తోడబుట్టినదానను, “నాతోనైన నిజము చెప్పవే” యంటిని. అది బదులు చెప్పలేదు. గోడవైపు తిరిగి పండుకొన్నది. నేనన్న ఆ మాటను ఇన్నియేండ్లైనను మరువలేకున్నాను.

నెల తిరుగకమునుపే నిజము నా కన్నులయెదుట బయటపడెను. ఇద్దరము బెండకాయలు తరుగుచుంటిమి. దాని చేయి ఆగిపోయినది. చూపు గోడమీద నిలిచినది. ఏదియో నములుచున్నట్లు పెదవు లాడించుచు, పైటకొంగును వ్రేళ్లతో నలుపుచు లేచి, అలమారలోనున్న నా కళ్లజోడు తీసి, పిండిడబ్బాలో పెట్టి, మూత బిగించి, మరల వచ్చి కూర్చున్నది. పిలిచిన పలుకలేదు. ఇదంతయు రెండు నిమిషములైనదో లేదో! కొంతసేపటికి తెప్పరిల్లి “అక్కా, ఎందుకట్లు చూచుచున్నావు?” అని అడిగినది. డబ్బా మూత తీసి చూపితిని. అది కళ్లజోడును చూడలేదు. నేను నమ్మితినో లేదో యని నా మొగమును చూచినది.

పడిపోవుట లేదు, నురుగు లేదు. ఇదియు మూర్ఛయేయని నరముల వైద్యుడు చెప్పువరకు మాకు తెలియదు. కణతల లోపల, మెదడులో ఇరువైపులను, సముద్రపు గుఱ్ఱమను చేప ఆకారమున హిప్పోకాంపస్ అను చిన్న భాగ మున్నది. జరిగిన సంగతి జ్ఞాపకముగా నిలుచుటకు అదియే ముఖ్యాధారము. మూర్ఛ ఆ ప్రాంతమున పుట్టినపుడు చేతులు కాళ్లు ఏదో పని చేయుచునే యుండవచ్చును. లోపలి వ్రాతపని మాత్రము నిలిచిపోవును. వ్రాయని పుటను చదువుమని నిర్బంధించిన ఎవరు చదువగలరు? మూర్ఛ తేరిన పిదపను కొన్ని నిమిషములు, ఒక్కొక్కప్పుడు గంటలు, తికమక యుండును. మూర్ఛకు కొంచెము ముందు జరిగినదియు చెరిగిపోవచ్చును.

ఇది ఆడువారి సాకని యనుకొనువారు కలరు. లండనులో ఒక వైద్యునికే యిట్లు జరిగినది. ఆయన రోగి రొమ్మును పరీక్షింపబోవుచు మూర్ఛకు లోనయ్యెను. తెలివి వచ్చి చూచుకొనగా, ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా యని తానే వ్రాసియుండెను. వ్రాసినట్లు లేశమైనను జ్ఞాపకము లేదు. మరల పరీక్షించగా ఆ నిర్ణయము సరియైనదే! హ్యూలింగ్స్ జాక్సన్ అను ప్రసిద్ధ వైద్యుడు దీనిని 1888లో ప్రకటించెను. ఆయన రోగి మాట నమ్మెను. మేము మా పిల్ల మాట నమ్మలేదు.

అమెరికాలో హెన్రీ మొలాయిజన్ అను యువకునికి మూర్ఛలు మానుటకై 1953లో విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుడు మెదడు రెండువైపులనుండియు ఈ భాగమును చాలవరకు తీసివేసెను. మూర్ఛలు తగ్గెను గాని, నాటినుండి 2008లో 82వ యేట మరణించువరకు అతనికి క్రొత్త సంగతి నిలిచినది లేదనవచ్చును. బ్రెండా మిల్నర్ అను విదుషి ఏండ్లతరబడి పరీక్షించినను, ఆమె అతనికి ప్రతిసారియు క్రొత్త మనిషియే. అట్టివాడు అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మ గీయుటను మాత్రము దినదినము మెరుగుగా నేర్చుకొనెను. నేర్చినట్లు తెలియదు, చేతికి వచ్చినది! ఆ పాఠముచేతనే వైద్యులు రెండువైపుల తీయుట మానిరి. తగిన పరీక్షలు చేసి ఒకవైపు తీయు శస్త్రచికిత్స నేడు కొందరికి మేలు చేయుచున్నది.

మా చెల్లెలికి మందుబిళ్లలతోనే మూర్ఛలు బాగుగ తగ్గినవి. కొన్ని మందులు జ్ఞాపకమును మందగింపజేయును. అట్లు తోచిన వైద్యునితో చెప్పవలెనే కాని మనంతట మానరాదు. ఒక్క పూట మరచినను మూర్ఛ తిరుగబడవచ్చును. మరపుగలవారికి మందు మరచిపోవుటకంటె సులభమేమున్నది? అందుచేత వారమునకు ఏడు గదులుగల బిళ్లలపెట్టె కొన్నాము. గది ఖాళీగ నున్న వేసికొన్నట్లు. సెల్ ఫోను గంట కొట్టును. నిద్ర చెడిన మూర్ఛ వచ్చునని శివరాత్రి జాగరణ మాన్పించితిమి. దానికి మా అమ్మగారిని ఒప్పించుటయే వైద్యముకంటె కష్టమైనది. స్నానాలగదికి లోపల గడియ పెట్టదు. ఒంటరిగ పొయ్యి వెలిగింపదు.

ఒక నోటుపుస్తక మున్నది. మూర్ఛ వచ్చిన తేది, వేళ, ఎన్ని నిమిషములు, ఏమి చేసినది, చూచినవారు అందు వ్రాయుదురు. ఆ సమయమున గట్టిగ పట్టుకొనరాదు. పొయ్యికి, కత్తిపీటకు దూరముగ మెల్లగ నడిపింపవలెను. తేరినపిదప జరిగినది శాంతముగ చెప్పవలెను. పడి కొట్టుకొనుచున్న ఒక ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. చేతిలో తాళపుచెవులును, నోట చెంచాయును పనికిరావు. అయిదు నిమిషములు దాటిన ఆసుపత్రికి కొనిపోవలెను.

మూర్ఛలు తగ్గినను పోయినవి కొన్ని తిరిగి రాలేదు. తన పెండ్లి ఫోటోలను ఎవరి పెండ్లినో చూచినట్లు చూచును. తలంబ్రాలవేళ తా నేల నవ్వుచున్నదని నన్నడుగును, చెప్పుదును, మరియొకనా డడుగును. కాని ముగ్గు వేయ కూర్చున్న చుక్క తప్పదు.

ఈ వ్యాధిని దాచి పెండ్లి చేయుట మన యిండ్లలో మామూలు. మా వారును అట్లే చేసిరని ఒప్పుకొనుచున్నాను. హిందూ వివాహచట్టములో మూర్ఛను పెండ్లికి ఆటంకముగ చెప్పిన మాటను 1999లో తొలగించిరి. ఆ సంగతి తెలిసినవారు తక్కువ. దాచిన మందు చాటున మ్రింగవలెను, చాటుకు వీలులేని పూట మానవలెను. మా పిల్లకు ఆ మూడేండ్లును జరిగినది అదియే.

మరిది నోటుపుస్తకమును తీసికొనివెళ్లి తల్లికి చదివి వినిపించెను. నెలలోపల ఆమెయే వచ్చి కోడలిని తోడ్కొనిపోయినది. ఆ పుస్తకములో ఇపుడు ఎక్కువగ నున్నది అత్తగారి వ్రాతయే. గాజుల సంగతి మాత్రము మా చెల్లెలికి నేటికిని జ్ఞాపకము లేదు. ఎవరును అడుగుటయు లేదు.