ఎలక్ట్రాను నడకను పట్టిన వెలుగు

పరుగెత్తు గుఱ్ఱమును ఛాయాచిత్రము తీయవలెనన్న కెమెరా కన్ను రెప్పపాటుకంటె తక్కువ కాలము తెరచుకొనవలెను. లేనిచో కాళ్లు మసకగా, అలికినట్లు పడును. పరమాణువులోని ఎలక్ట్రాను విషయమున ఈ చిక్కు మరింత పెద్దది. దాని కదలికలను అట్టోసెకనులలో లెక్కింపవలెను. సెకనును వందకోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల వందకోట్ల భాగములు చేసినచో వచ్చునది ఒక అట్టోసెకను.

ఇంత స్వల్పకాలము వెలిగి ఆరు కాంతి ఎట్లు లభించును? కాంతి తరంగరూపము. ఏ మెరపైనను తనలోని ఒక తరంగము పూర్తియగు కాలముకంటె పొట్టిది కాజాలదు. ఇట్టి ప్రయోగములలో సాధారణముగా వాడు లేజరు కాంతికి ఆ కాలము సుమారు 2,700 అట్టోసెకనులు. కావున ఇంకను పొట్టి తరంగములు కావలసివచ్చెను.

సంగీతప్రియులైన శ్రోతలకు ఇచట ఒక పోలిక చెప్పవచ్చును. తంబురాలో మంద్రషడ్జపు తీగను మీటినచో, షడ్జముతోపాటు గాంధారము తనంతట తానే సన్నగా వినవచ్చును. 1987లో ఫ్రాన్సు దేశమున ఆన్ లుయిలియే, ఆమె సహచరులు లేజరు కాంతిని జడవాయువు గుండ పంపగా, కాంతికిని అట్టి ఉపస్వరములు పుట్టెను. లేజరు కాంతి పరమాణువునుండి ఎలక్ట్రానును వెలికిలాగి, తిరిగి దానిపైకే విసరును. అపుడు ఎలక్ట్రాను గడించిన శక్తి వెలుగుగా వెలువడును. ఈ ఉపస్వరములనేకము శ్రుతి కలిసినపుడు అతిస్వల్పమైన మెరపులు ఏర్పడును. 2001లో పియేర్ అగోస్తీని బృందము ఒక్కొక్కటి 250 అట్టోసెకనులుండు మెరపుల వరుసను, వియన్నాలో ఫెరెంట్స్ క్రౌస్ బృందము 650 అట్టోసెకనుల ఒంటి మెరపును సాధించెను.

దీనివలన తెలిసినదేమి? కాంతి సోకినపుడు పదార్థమునుండి ఎలక్ట్రాను వెలువడుటను 1905లో ఐన్‌స్టీన్ వివరించెను. అది తత్క్షణమే జరుగునని బహుకాలము భావించిరి. 2010లో క్రౌస్ బృందము నియాన్ వాయువును పరీక్షింపగా, ఒకే మెరపు తాకినను, రెండు కక్ష్యల ఎలక్ట్రానులు వెలువడుటలో సుమారు 21 అట్టోసెకనుల తేడా కనబడెను. సిద్ధాంతకారుల గణితము ఇంత తేడాను చూపలేదు. దోషము గణితములోనా, కొలతలోనా?

ఈ సంశయము ఏడేండ్లు నిలిచెను. 2017లో స్వీడన్ దేశపు లుండ్ నగరమున లుయిలియే బృందము మరింత సూక్ష్మముగా కొలిచెను. వెలువడు ఎలక్ట్రాను ఒక్కొక్కపుడు తోడి ఎలక్ట్రానును పై స్థాయికి నెట్టును. అట్టి సంఘటనలు పూర్వపు కొలతలో కలిసిపోయినవని, వానిని వేరుపరచినచో గణితమును కొలతయు ఏకీభవించునని తేలెను.

ఈ మువ్వురికి 2023లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. అణువులు కూడుటకును విడుటకును, తీగలో విద్యుత్తు ప్రవహించుటకును మూలము ఎలక్ట్రానుల నడకయే. ఆ నడకకు పట్టు కాలమును ఇపుడు ఊహింపనక్కరలేదు, కొలిచి చూడవచ్చును.